ఫిలిప్పీన్స్ కాన్పుల క్లినిక్‌లో వాలంటీరుగా పనిచేయడం ఎలా?

“అక్కా, మీరు ఫిలిప్పీన్స్‌లో ప్రసూతి క్లినిక్‌లో పనిచేశారట కదా, నేనూ వెళ్ళొచ్చా? నాతో కాన్పు చేయిస్తారా?” వారం తిరిగేసరికి ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. వాళ్ళలో బీఎస్సీ నర్సింగ్ అమ్మాయిలు ఉన్నారు. దావావ్‌లోనో సెబులోనో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు ఉన్నారు. వైద్యంతో ఏ సంబంధమూ లేని ఉద్యోగులు కూడా ఉన్నారు. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు, వెళ్ళొచ్చు. రెండోదానికి జవాబు, కాన్పు మీరు చేయరు, చేయకూడదు. అక్కడ కాన్పు చేయడానికి లైసెన్సు కావాలి. మిడ్‌వైఫరీకి, అంటే కాన్పులు చేసే వృత్తికి, ప్రత్యేకంగా 1992 నాటి చట్టమే ఉంది. మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించి అక్కడ వైద్యం చేయడం కుదరదు. విదేశీ నర్సులు, డాక్టర్లు అయితే అక్కడి ప్రొఫెషనల్ రెగ్యులేషన్ కమిషన్ నుంచి తాత్కాలిక ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. ఇది తెలిశాక కూడా వెళ్ళాలనే ఉంటే, మీరు అక్కడ నిజంగా పనికొస్తారు.

అక్కడి చిన్న కాన్పుల క్లినిక్‌ను లైయింగ్-ఇన్ అంటారు. చాలాచోట్ల అది మామూలు ఇల్లులాగే ఉంటుంది. కొన్ని మంచాలు, ఒక కాన్పు గది, పరీక్షల గది, బయట బెంచీల మీద గర్భిణులు. నడిపేది మిడ్‌వైఫ్‌లే. ప్రమాదం తక్కువున్న కాన్పులు ఇక్కడ చేస్తారు, తేడా వస్తే పెద్దాసుపత్రికి పంపిస్తారు. ఒకప్పుడు చాలా పురుళ్ళు ఇళ్ళలో హిలోట్‌ల చేతుల మీదే జరిగేవి. హిలోట్ అంటే మన మంత్రసాని లాంటావిడ. 2008లో ఆరోగ్యశాఖ విధానం మార్చి, కాన్పులన్నీ క్లినిక్‌లలోనో ఆసుపత్రుల్లోనో జరగాలని పట్టుబట్టింది. అయినా ఆ పాత అలవాట్లు, నమ్మకాలు బాలింతతోపాటు క్లినిక్‌లోకి వస్తాయి. మీకు ఎక్కువగా ఎదురయ్యేది అదే.

కావలసినవి

- ఆరు నెలలకు పైగా గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు
- క్లినిక్ నుంచి రాతపూర్వకమైన ఆహ్వానం (ఏ పని, ఎన్ని రోజులు, ఎవరి పర్యవేక్షణలో)
- టీకాల రికార్డు, ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు
- ప్రయాణ బీమా. సూది గుచ్చుకుంటే అయ్యే వైద్యం అందులో వస్తుందో లేదో అడిగి తెలుసుకోండి
- రెండు మూడు జతల కాటన్ స్క్రబ్స్, క్లినిక్ లోపలికి వేరే చెప్పులు (అక్కడ చినెలాస్ అంటారు)
- సెకన్ల ముల్లున్న వాచీ, చిన్న టార్చిలైటు, జేబులో పట్టే నోటుబుక్కు
- ప్లగ్ అడాప్టర్. అక్కడి సాకెట్లకు ఎక్కువగా బల్లపరుపు పిన్నులు కావాలి, మన గుండ్రటి పిన్నులు చాలాచోట్ల ఎక్కవు. కరెంటు 220 వోల్టులే కాబట్టి ఛార్జర్లకు ఇబ్బంది లేదు

పాలడబ్బాలు, పాలసీసాలు, పీకలు తీసుకెళ్ళకండి. నేను మంచి మనసుతోనే నాలుగు పాలసీసాలు కొని పట్టుకెళ్ళాను. హెడ్ మిడ్‌వైఫ్ నన్ను పక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పి తిరిగిచ్చేసింది. అక్కడ 1986 నుంచి మిల్క్ కోడ్ అమల్లో ఉంది. తల్లిపాలకు బదులుగా వాడేవాటిని క్లినిక్‌లలో పంచడం, ప్రచారం చేయడం నిషేధం. ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఏం తగ్గిందో ముందే అడగండి. ఎక్కువగా గ్లవ్స్, మెత్తని కాటన్ తువ్వాళ్ళు, చంటిబిడ్డల టోపీలు అడుగుతారు.

1. మీరు ఏం చేయగలరో ముందే కాగితం మీద రాయండి

వైద్య శిక్షణ లేకపోతే: రిజిస్టర్లు రాయడం, బరువు, ఎత్తు చూడటం, గర్భిణులకు నీళ్ళివ్వడం, నొప్పులు పడుతున్నావిడ నడుము రుద్దడం, కాన్పు గది కడగటం, తువ్వాళ్ళు ఉతికి ఆరేయడం, వెంట వచ్చిన పెద్ద పిల్లల్ని ఆడించడం. నర్సింగ్, మెడిసిన్ విద్యార్థులైతే వీటికి తోడు బీపీ, నాడి, ఉష్ణోగ్రత, పొట్ట కొలత. అది కూడా మిడ్‌వైఫ్ పక్కన ఉన్నప్పుడే.

మీ సొంత ఊళ్ళో చేయడానికి మీకు అర్హత లేని పని అక్కడ కూడా చేయకూడదు. “పేద దేశం కదా, ఎవరు చేసినా మేలే” అనే మాట మనసులోకి రానివ్వకండి. మన గవర్నమెంటు ఆసుపత్రిలో మన చెల్లెలి మీద ఎవరో విదేశీ కుర్రవాడు కుట్లు వేయడం నేర్చుకుంటానంటే మనం ఊరుకుంటామా?

2. క్లినిక్‌ను ఎంచుకోండి

మధ్యవర్తి సంస్థల ద్వారా వెళ్ళొచ్చు, నేరుగా క్లినిక్‌కు రాసి కూడా వెళ్ళొచ్చు. ఎలా వెళ్ళినా ఈ ప్రశ్నలు మెయిల్‌లో అడిగి, జవాబులు రాతలోనే తీసుకోండి:

- ఆరోగ్యశాఖ లైసెన్సు ఉందా? ఫిల్‌హెల్త్ గుర్తింపు ఉందా? (ఫిల్‌హెల్త్ అక్కడి జాతీయ ఆరోగ్య బీమా)
- ఒక షిఫ్టులో లైసెన్సున్న మిడ్‌వైఫ్‌లు ఎంతమంది ఉంటారు?
- తేడా వస్తే ఏ ఆసుపత్రికి పంపుతారు, బండి ఎవరిది?
- కాన్పు గదిలో వాలంటీరు ఉండాలా వద్దా అని తల్లిని ఎప్పుడు, ఎవరు అడుగుతారు?
- నేను కట్టే డబ్బులో క్లినిక్‌కు చేరేది ఎంత?

హెచ్చరిక: “అనుభవం అక్కర్లేదు, మీ చేతులతోనే బిడ్డను బయటికి తీయండి” అని ప్రకటన కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఆ మాట రాసేవాళ్ళకు తల్లి ముఖ్యం కాదు.

ఊరు ఎంచుకునేటప్పుడు తుఫాన్ల కాలం గుర్తుపెట్టుకోండి. జూన్ నుంచి నవంబరు, డిసెంబరు దాకా విసాయాస్, లుజోన్ దీవులకు తుఫాన్ల బెడద ఎక్కువ. 2013 నవంబరు 8న యోలాండా తుఫాను లేతె దీవిలోని తక్లోబాన్‌ను ఎలా ఊడ్చేసిందో అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. దక్షిణాన మిందనావోలోని దావావ్‌కు ఆ బెడద తక్కువ. పైగా దావావ్‌లో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. జ్వరం వచ్చిన రోజు మన భాషలో మాట్లాడే మనిషి ఒకరు దగ్గర్లో ఉండటం ఎంత ధైర్యమో వెళ్ళాకే తెలుస్తుంది.

3. వీసా

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2025 జూన్ నుంచి భారతీయులకు వీసా లేకుండా 14 రోజులు ఉండే వీలు ఇచ్చారు. అది పర్యటనకు. పొడిగించరు, వేరే వీసాగా మార్చరు. క్లినిక్‌లో నెలా రెండు నెలలు పనిచేయడానికి అది పనికిరాదు.

విదేశీ వాలంటీర్ల వ్యవహారం చూడటానికి అక్కడ ఫిలిప్పీన్ నేషనల్ వాలంటీర్ సర్వీస్ కోఆర్డినేటింగ్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. మిమ్మల్ని పిలిచే క్లినిక్‌నే “మా పేర్లు అక్కడ ఎవరు నమోదు చేయిస్తారు, ఏ వీసా మీద రావాలి” అని అడగండి. “టూరిస్టుగా వచ్చేయండి, ఎవరూ అడగరు” అంటే అది కూడా వద్దు అనుకోవాల్సిన క్లినిక్కే. ఎయిర్‌పోర్టులో అబద్ధం చెప్పాల్సిన పరిస్థితితో సేవ మొదలుపెట్టకండి.

దిగే ముందు 72 గంటల్లోపు ఈట్రావెల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఉచితం. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదు.

4. టీకాలు: ఆరు నెలల ముందు మొదలుపెట్టండి

కాన్పు గదిలో రక్తం, ఉమ్మనీరు తప్పవు. హెపటైటిస్-బి మూడు డోసులు పూర్తికావడానికి ఆరు నెలలు పడుతుంది. మూడో డోసు తర్వాత నెలా రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకోండి. 10 యూనిట్లు, ఆపైన ఉంటే రక్షణ వచ్చినట్టు. టీకా వేయించుకుని ఈ పరీక్ష వదిలేసేవాళ్ళే ఎక్కువ.

తట్టు, రుబెల్లా, ఆటలమ్మ, కోరింత దగ్గు టీకాలు మీకోసం కంటే పుట్టిన బిడ్డ కోసం. మీకు వచ్చే చిన్న దగ్గు ఆ బిడ్డకు ప్రాణం మీదకు రావచ్చు. ఒంట్లో బాగాలేని రోజు క్లినిక్‌కు వెళ్ళకండి. అక్కడ డెంగీ కూడా ఉంది, ఆ దోమ పగలే కుడుతుంది, కాబట్టి పగలు కూడా క్రీము రాసుకోవాలి.

సూది గుచ్చుకుంటే పిండకండి. వెంటనే సబ్బు, ధార నీళ్ళతో కడిగి, మిడ్‌వైఫ్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందు అవసరమైతే ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. సిగ్గుపడి దాచడం అన్నిటికంటే పెద్ద తప్పు.

5. ముప్పై మాటలు నేర్చుకోండి, కానీ ఏ భాషవో చూసుకోండి

అక్కడ ఇంగ్లీషు చాలామందికి వస్తుంది. కానీ నొప్పుల్లో ఉన్న మనిషికి పరాయి భాష చెవికెక్కదు. మనవాళ్ళు “అమ్మా” అని అరిచినట్టే వాళ్ళు “ఆరాయ్” అంటారు.

మనీలా వైపు టాగలోగ్:
- మసకిత్ పొ బా? – నొప్పిగా ఉందా అండీ?
- హింగా – ఊపిరి తీసుకోండి
- దాహన్-దాహన్ – నెమ్మదిగా
- ఇరె – ముక్కండి
- తూబిగ్ – నీళ్ళు
- సలామత్ పొ – ధన్యవాదాలండీ

ఆ “పొ” మన “అండీ” లాంటిదే. పెద్దవాళ్ళతో అది లేకుండా మాట్లాడితే మొరటుగా ఉంటుంది. అవును అనడానికి “ఓపొ”. అక్కను ఆతె అనీ, అన్నను కూయ అనీ, అమ్మను నానాయ్ అనీ, అమ్మమ్మను లోలా అనీ పిలుస్తారు. రక్తసంబంధం లేకపోయినా వరస కలిపి పిలవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే కాబట్టి ఇది మనకు సుళువు. కాన్పు కోసం వచ్చినావిడను సిబ్బంది ఎక్కువగా మమ్మీ అంటారు, మీరూ అలాగే అనొచ్చు.

దావావ్, సెబు వెళ్ళేవాళ్ళకు పైవన్నీ సరిపోవు. అక్కడివాళ్ళు మాట్లాడేది సెబువానో, వాళ్ళు బిసాయా అంటారు. అందులో “పొ” లేదు. నెమ్మదిగా అనడానికి హినాయ్-హినాయ్, ఊపిరికి గిన్‌హావా. ముక్కడానికి వాళ్ళు వాడే మాట ఊతోంగ్. అదే అక్షరాలున్న మాటకు టాగలోగ్‌లో చనుమొన అని అర్థం! సెబులో నేర్చుకున్నది మనీలా కాన్పు గదిలో అంటే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఊరు ఖాయమయ్యాకే మాటలు మొదలుపెట్టండి.

మాటల్లేని సంగతులు రెండు. కనుబొమలు పైకి ఎగరేస్తే అవును అని. పెదాలు ముందుకు చాపితే అది దిక్కు చూపడం. మొదటి రోజు నేను ఒకావిడను నొప్పి ఉందా అని మూడుసార్లు అడిగాను. ఆవిడ మూడుసార్లూ కనుబొమలతో చెబుతూనే ఉంది, నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి, హియా. మొహమాటం, సిగ్గు కలిసిన భావం అది. ఎదుటివాళ్ళను ఇబ్బంది పెట్టకూడదని, అర్థం కాకపోయినా సరేనంటారు. కాబట్టి “అర్థమైందా?” అని అడగకండి. “మాత్ర ఎప్పుడు వేసుకుంటారు, చెప్పండి” అని అడగండి. చెప్పగలిగితేనే అర్థమైనట్టు.

6. మొదటి వారం: చీపురు, రిజిస్టరు, బీపీ

అడుగు పెట్టగానే చెప్పులు మార్చుకోండి, మోచేతుల దాకా కడుక్కోండి, ఉంగరాలు, గాజులు తీసేయండి. సబ్బుతో చేతులు కడగటానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. మీ వాచీ చూసుకోండి, మొదట్లో అందరూ పది సెకన్లకే ఆపేస్తారు.

బీపీ చూసే పని ఇస్తే ఈ తప్పులు చూసుకోండి:

- ఎండలో నడిచొచ్చిన గర్భిణికి వెంటనే చూడటం. ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి
- చొక్కా చేతి మీదే పట్టీ చుట్టడం
- కాలు మీద కాలు వేసుకుని ఉండగా చూడటం
- చెయ్యి కిందికి వేలాడుతూ ఉండటం. గుండె ఎత్తులో బల్ల మీద ఆనించాలి

సరిచూసుకోవడానికి, మొదటి రోజుల్లో మీ రీడింగ్ మీ నోటుబుక్కులో రాయండి, పక్కనే మిడ్‌వైఫ్ చూసిన రీడింగ్ రాయండి. రెండూ దగ్గర దగ్గరగా రావడం మొదలయ్యాకే ఒంటరిగా చూడండి. 140/90 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే రిజిస్టరులో రాసి ఊరుకోకండి, లేచి వెళ్ళి మిడ్‌వైఫ్‌కు చెప్పండి. తలనొప్పి, చూపు మసక అంటే బీపీ చూడకముందే చెప్పండి.

7. కాన్పు గదిలో

ముందు తల్లిని అడగాలి. నొప్పులు ముదిరాక కాదు, క్లినిక్‌లోకి వచ్చిన కొత్తలోనే, మీరు గదిలో లేనప్పుడు మిడ్‌వైఫ్ అడగాలి. మీరు ఎదురుగా నిలబడి ఉంటే మొహమాటానికి సరేనంటుంది. వద్దంటే బాధపడకండి, ఆ గంట తువ్వాళ్ళు మడత పెట్టండి.

లోపల మీ చోటు తల్లి తల దగ్గర. చెయ్యి పట్టుకోండి, చెమట తుడవండి, గుక్కెడు నీళ్ళివ్వండి. “ముక్కు, ముక్కు” అని మీరు అరవకండి, ఒక్క గొంతే వినబడాలి, అది మిడ్‌వైఫ్‌ది.

బిడ్డ పుట్టాక జరిగేదాన్ని అక్కడ ఊనాంగ్ యాకాప్ అంటారు, మొదటి కౌగిలి అని అర్థం. 2009లో ఫిలిప్పీన్స్ ఆరోగ్యశాఖ తెచ్చిన పద్ధతి ఇది. వరసగా నాలుగు పనులు: వెంటనే ఒళ్ళంతా బాగా తుడవటం, బిడ్డను తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా పడుకోబెట్టడం, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కత్తిరించడం (ఒకటి నుంచి మూడు నిమిషాలు), మొదటిసారి పాలు తాగేదాకా తల్లీబిడ్డలను విడదీయకపోవడం.

వాలంటీర్లు పాడుచేసేది నాలుగోదాన్నే. బరువు చూద్దామనో, కడిగి పొత్తిళ్ళలో చుడదామనో, ఒక్కసారి ఎత్తుకుందామనో బిడ్డను తీస్తారు. తీయకండి. బరువు ఎక్కడికీ పోదు. స్నానం కూడా తర్వాతే. మొదటి గంటలో ఆ బిడ్డ తనంతట తానే పాకుతూ రొమ్ము వెతుక్కుంటుంది. ఆ దృశ్యం కోసమైనా చేతులు కట్టుకుని నిలబడండి. ముర్రుపాలు పిండి పారబోయాలని ఏ అమ్మమ్మయినా అంటే మిడ్‌వైఫ్‌ను పిలవండి, మీరు వాదించకండి.

మీరు చూడాల్సినవి ఇవి: బిడ్డ ముక్కు తల్లి ఒంటికి అదుముకుపోకుండా ఉందా, పెదాలు ఎర్రగా ఉన్నాయా, పాదాలు వెచ్చగా ఉన్నాయా, వీపు మీద తువ్వాలు పొడిదేనా, తలకు టోపీ ఉందా. చంకలో ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. తల్లి కింద గుడ్డ త్వరత్వరగా తడుస్తున్నా, ఆవిడ మగతగా, పాలిపోయి కనిపించినా, ఆ క్షణమే గట్టిగా పిలవండి. అప్పుడు మొహమాటం వద్దు.

8. బాలింత గదిలో: మన ఇల్లే అనిపిస్తుంది

అక్కడ బీనాత్ అనే భయం ఉంది. బాలింతకు చల్లగాలి తగిలినా, త్వరగా స్నానం చేసినా, బరువు పని చేసినా జబ్బు తిరగబెడుతుందని. అందుకే కొన్ని రోజుల తర్వాత ఆకులు వేసి మరిగించిన నీళ్ళ ఆవిరి పడతారు, దాన్ని సువోబ్ అంటారు. చెవుల్లో దూది, వేన్నీళ్ళ స్నానం, సాంబ్రాణి పొగ చూసి పెరిగిన మనం దీన్ని వింతగా చూడక్కర్లేదు. కానీ చెమటలు కారుతున్నా దుప్పట్లు తీయనివ్వకపోతేనో, జ్వరం వస్తే అది బీనాతే అనుకుని ఊరుకుంటేనో మిడ్‌వైఫ్‌కు చెప్పాలి. కాన్పు తర్వాత వచ్చే జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బిడ్డ పొట్టకు బిగ్కిస్ అనే గుడ్డ పట్టీ కడతారు. బొడ్డు తడిగా ఉండిపోతుందని ఆరోగ్యశాఖ వద్దంటుంది. మన దగ్గర బొడ్డుకు పసుపు, నూనె రాయొద్దని చెప్పడం ఎంత కష్టమో అక్కడ ఇది చెప్పడం అంతే కష్టం. ఆ మాట మిడ్‌వైఫ్ నోట రావాలి.

ఇక దిష్టి. అక్కడ ఊసోగ్. కొత్త మనిషి బిడ్డను పొగిడితే బిడ్డకు కడుపునొప్పి, ఏడుపు వస్తాయంటారు. నేను ఒక బిడ్డను చూసి “ఎంత బొద్దుగా ఉన్నాడో” అనగానే గదంతా మౌనమైంది. “పువెరా ఊసోగ్ అనండి” అని ఒక ఆతె చెవిలో చెప్పింది. బిసాయా ప్రాంతంలో పువెరా బూయాగ్ అంటారు. పొగడకముందే ఆ మాట అనేస్తే సరి. కొన్నిచోట్ల పొగిడినవాళ్ళ ఉమ్మి బిడ్డకు రాయమంటారు. ఆ పని చేయకండి. చేతులు కడుక్కుని పాదం మీద చెయ్యి ఆనించి ఆ మాట అనండి, చాలామంది దాంతో సమాధానపడతారు.

బాలింతకు పెట్టేది తినోలా. పచ్చి బొప్పాయి, అల్లం, మాలుంగాయ్ ఆకు వేసిన కోడి పులుసు. మాలుంగాయ్ అంటే మన మునగాకే! పాలు పడతాయని గిన్నెలకు గిన్నెలు తాగిస్తారు. మన ఊళ్ళలోనూ మునగాకు పప్పు, కూర వండుతామని చెప్పి చూడండి, ఆ అమ్మమ్మలు మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుంటారు. నాకు అక్కడ మొదటి స్నేహాలు ఈ ఆకు వల్లే కలిశాయి.

9. తిండి, ఇల్లు, పండగ

మాంసాహారులకు దిగుల్లేదు, మూడు పూటలా అన్నమే. శాకాహారులు మాత్రం “కూరగాయలే” అన్న మాట నమ్మకండి. పాతిస్ అనే చేపల రసం, బగూంగ్ అనే రొయ్యల ముద్ద కూరగాయల్లో కూడా పడతాయి. “వలాంగ్ కార్నె, వలాంగ్ ఇస్దా, వలాంగ్ పాతిస్” అని మూడూ వేరువేరుగా చెప్పాలి. మాంసం, చేప, పాతిస్ వద్దని అర్థం. శుక్రవారాలు చాలాచోట్ల పెసల పులుసు వండుతారు, మోంగో అంటారు. దాంట్లోనూ ఎండుచేప ఉందేమో అడగండి. వేరే దారి, ఒక చిన్న రైస్ కుక్కరు, ఊరగాయ సీసా. ఊరగాయ సూట్‌కేసులో వేసి, బాగా సీలు చేయండి.

పెద్దవాళ్ళ ఇంటికి వెళ్తే మానో పొ అంటూ వాళ్ళ చేతిని మీ నుదుటికి ఆనించుకోండి. మనం పాదాలకు నమస్కరించినట్టే అది ఆశీర్వాదం. చేతులు ఊపుకుంటూ వెళ్ళకండి, ఊరి నుంచి తెచ్చిన చిరుకానుకను పసలూబోంగ్ అంటారు. పూతరేకులో, కాజాలో చాలు. ఎప్పుడు వెళ్ళినా “తిన్నారా?” అని అడుగుతారు. కాసిన్నయినా తినండి.

బిడ్డ బాప్తిస్మానికి నినాంగ్‌గా, అంటే జ్ఞానస్నానపు తల్లిగా ఉండమని అడిగితే వెంటనే తల ఊపకండి. అది ఫోటో కోసం కాదు, ఆ బిడ్డతో ఏళ్ళ తరబడి సాగే బాధ్యత. పైగా కేథలిక్ చర్చిలో ఆ స్థానం కేథలిక్‌లకే. ఎంతో గౌరవంగా భావిస్తున్నానని చెప్పి, వేడుకకు వస్తానని, వండటానికి సాయం చేస్తానని అనండి.

10. ఫోటోలు

తల్లి ఒప్పుకున్నా కాన్పు గదిలో ఫోటో వద్దు. 2012 నుంచి అక్కడ డేటా ప్రైవసీ చట్టం ఉంది, ఆరోగ్య వివరాలు అందులో సున్నితమైనవి. మీ గదిని, వీధిని, మీరు ఆరేసిన తువ్వాళ్ళ తాడును తీసుకోండి. ఇంకొకరి బిడ్డ ముఖం మీ స్టేటస్‌లోకి ఎక్కకూడదు.

పని సరిగ్గా చేస్తున్నానో లేదో ఎలా తెలుస్తుంది?

వారానికోసారి హెడ్ మిడ్‌వైఫ్‌ను “నేను బాగా చేస్తున్నానా?” అని కాకుండా “వచ్చే వారం ఏ ఒక్కటి మార్చుకోమంటారు?” అని అడగండి. హియా వల్ల మొదటి ప్రశ్నకు ఎప్పుడూ అవుననే వస్తుంది. రెండోదానికి నిజం వస్తుంది. అడగకుండానే మీకు పని అప్పజెబుతుంటే, రాత్రి కాన్పుకు మిమ్మల్ని లేపడం మొదలుపెడితే, మీరు పనికొస్తున్నట్టు. మీకు చెప్పడానికే వాళ్ళ సమయం పోతుంటే ఒక మెట్టు దిగి రిజిస్టర్ల దగ్గరకు వెళ్ళండి.

వెళ్ళే ముందు చివరి రెండు రోజులు అప్పగింతకు ఉంచండి. మీరు మొదలుపెట్టిన జాబితాలు, అల్మారా తాళాలు, మిగిలిన గ్లవ్స్ లెక్క అన్నీ ఒకరికి చూపించి ఇవ్వండి. మీ స్క్రబ్స్ ఉతికి, ఇస్త్రీ చేసి అక్కడే వదిలేయండి, తర్వాత వచ్చేవాళ్ళకు సరిపోవచ్చు. తిరిగి వస్తానని బాలింతలకు మాట ఇవ్వకండి, టికెట్టు చేతిలో ఉంటే తప్ప.